నెల్లూరులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే మిత్రులందరికీ. నెల్లూరులో మనవాళ్లంతా కెమెరా సామాను కోసం వెళ్లే ఆ దుకాణం పేరు నేను రాయను, ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అక్కడ డావిన్సీ రిజాల్వ్ స్టూడియో కీ, అంటే డబ్బు పెట్టి కొనే ఆ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే లైసెన్స్ కోడ్, మాత్రం కొనకండి. ఈ ఉదయమే అక్కడి నుంచి కావలికి తిరిగి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది.

వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలం నుంచి నాది ఇదే పని. మినీ డీవీ వచ్చినప్పుడు అది నేర్చుకున్నాను, తర్వాత ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఇప్పుడు పెళ్లివారు సినిమా రంగులు కావాలంటున్నారు కాబట్టి రిజాల్వ్‌కు మారాను. డిస్ట్రిబ్యూటర్ ఆఫర్, జీవితకాలం పనిచేస్తుంది, శిక్షణ కూడా మేమే ఇస్తామని చెప్పి ఆ దుకాణదారు కీకి 15,000 రూపాయలు తీసుకున్నాడు.

ఎడియస్‌లో చూడకుండానే చేయి వెళ్లేది. ఇక్కడ అడుగున ఒక్కో పనికి ఒక్కో పేజీ, రంగులు దిద్దడానికి నోడ్లని గొలుసులా కలిపే డబ్బాలు, పాత ఎడియస్ ప్రాజెక్టులు నేరుగా తెరుచుకోవు. ఆ కష్టం నాకు కొత్త కాదు, పడ్డాను. కానీ ఉన్నట్టుండి లైసెన్స్ లేదంటూ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది కాదు. ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే మాట: "అన్నా, మీకింకా అలవాటు కాలేదు. ఏదో తప్పు బటన్ నొక్కి ఉంటారు, కీ మళ్లీ కొట్టండి." మళ్లీ కొడితే పనిచేసేది. కొత్తగా నేర్చుకుంటున్న మనిషికి లోపం తన చేతిలో ఉందో, కొన్న వస్తువులో ఉందో ఎలా తెలుస్తుంది? అతని వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది.

నిన్న రాత్రి ఒక పెళ్లి వీడియో పూర్తి చేయాలి. మాంగల్యధారణ సమయానికి మండపంలో వెలుతురు చాలక చిత్రమంతా గింజలు గింజలుగా వచ్చింది. అంతకుముందే ఆ గింజలు తగ్గించే నాయిస్ రిడక్షన్ వేసి పెట్టాను. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ మొరాయించింది, ఈసారి కీ కొట్టినా తీసుకోలేదు. గత్యంతరం లేక కీ అక్కరలేని రిజాల్వ్ ఉచిత వెర్షన్ వేసి ప్రాజెక్టు తెరిచాను. ఆ నాయిస్ రిడక్షన్ స్టూడియో వెర్షన్‌కే పరిమితం, ఉచిత వెర్షన్‌లో అది వేసిన చోట కంపెనీ ముద్ర పడుతుంది. సరిగ్గా మూడు ముళ్లు వేసే చోట, పెళ్లికూతురి ముఖం మీద వాటర్‌మార్కు! ఆ తండ్రికి ఏమని చెప్పాలి? గడువు అడిగి తెల్లవారగానే బస్సెక్కాను.

దుకాణంలో పదిమంది ముందు అతనన్న మాట: "ఈ వయసులో మీకివన్నీ ఎందుకన్నా? హాయిగా ఎడియస్‌లోనే ఉండక." నేను జవాబు చెప్పేలోపు ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు తనకిచ్చిన కీ ఉన్న చీటీ బల్ల మీద పెట్టాడు. అతనిదీ ఇదే ఫిర్యాదు. నా చీటీ పక్కన పెట్టి చూశాం. మొదటి అక్షరం నుంచి చివరి అంకె వరకు ఒకటే కీ!

స్టూడియో కీ ఒకేసారి రెండు కంప్యూటర్ల మీదే పనిచేస్తుంది. మూడోచోట వేస్తే ముందున్నవి రద్దవుతాయి. ఒకే కీని ఎంతమందికి అమ్మాడో కానీ, ఒకరు కొట్టినప్పుడల్లా మరొకరి పని ఆగిపోతోంది. నా వయసుకూ దీనికీ ఏమిటి సంబంధం? ఇరవై ఏళ్ల ఆ కుర్రాడికి కూడా అలవాటు కాలేదనే చెప్పాడట!

డబ్బు అడిగితే సాఫ్ట్‌వేర్‌కు వాపసు లేదన్నాడు. మాకిచ్చిన కాగితం మీద "సర్వీసు" అని తప్ప ఏమీ లేదు, జీఎస్టీ నంబరు కూడా లేదు. శిక్షణ పేరుతో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోని పాఠాలు రిజాల్వ్ తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కంపెనీ తన వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా ఇస్తున్నవే.

మారాలనుకునేవారు ముందు ఉచిత వెర్షన్‌తోనే నేర్చుకోండి, మామూలు కటింగుకు, రంగులకు అది చాలు. స్టూడియో ఒకసారి కొంటే చాలు, కానీ కంపెనీ ధర 295 డాలర్లు. అందులో సుమారు సగానికి ఎవరైనా ఇస్తానంటే అనుమానించండి. అధీకృత డీలరు దగ్గర జీఎస్టీ బిల్లుతోనే కొనండి.

అక్కడ కీ కొన్నవారు మీ కాగితాలు పారేయకండి, నాకు చెప్పండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాను. అక్కడ తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. ఉదయగిరి కుర్రాడు కూడా వస్తానన్నాడు.