వీ-క్రాస్‌కి లెవలింగ్ కిట్: పాతిక మిల్లీమీటర్లు చాలు, అంతకు మించి వద్దు

పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా, ముక్కు కిందికి ఉంటుంది. అది కంపెనీ చేసిన పొరపాటు కాదు. వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద లోడు పడ్డాక బండి సమంగా రావాలని వేసిన లెక్క. లెవలింగ్ కిట్ చేసే పనల్లా ఆ తేడా తీసెయ్యడమే కాబట్టి, కొనేముందు చూసుకోవాల్సింది కిట్‌ని కాదు, బండి మీద మీరు వేసే లోడుని.

ఇక్కడ చెప్పేది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌కి దొరికే అల్యూమినియం స్పేసర్ల (ఎత్తు పెంచే దిమ్మల) జత గురించి. శ్రీసిటీలో తయారయ్యే ఈ బండికి ముందు డబుల్ విష్‌బోన్ (పైన అప్పర్ ఆర్మ్, కింద లోయర్ ఆర్మ్ కలిసి చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్), కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. డబ్బాలో రెండు స్పేసర్లు, ఒక్కోదానికి మూడు స్టడ్డులు, ఆరు కొత్త నట్లు వస్తాయి. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) నెత్తిన స్పేసర్ కూర్చుంటుంది, స్ప్రింగు విప్పే పని లేదు. స్ప్రింగు మారదు కాబట్టి ఖాళీ బండి నడక దాదాపు పాతలాగే ఉంటుంది. ఇది ఈ రకం కిట్‌లో అసలైన సుగుణం. స్ప్రింగు లోపల పెట్టే స్పేసర్లకైతే కాయిల్‌ని కంప్రెసర్‌తో నొక్కి విప్పాలి. ఆ పని తెలిసిన చేతుల్లోనే జరగాలి.

చాలామంది పప్పులో కాలేసేది మందం దగ్గర. స్ట్రట్ కింది కొస లోయర్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది, చక్రమేమో ఆర్మ్ చివర. అందువల్ల స్పేసర్ మందం కన్నా చక్రం దగ్గర వచ్చే ఎత్తు ఎక్కువ, సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. ‘25’ అని రాసి ఉంటే అది స్పేసర్ మందమా, బండి లేచే ఎత్తా అని అడిగి తీసుకోండి. మందం 25 అయితే బండి సుమారు 37 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా లేస్తుంది. మా సలహా చక్రం దగ్గర 25, మహా అయితే 30.

కొలత ఇలా తియ్యాలి. చదునైన గచ్చు మీద బండి పెట్టి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కలిసిపోతుంది. తర్వాత మామూలుగా వేసే లోడు, రొయ్యల మేత బస్తాలో పొదలకూరు నిమ్మకాయల బస్తాలో, వేసి మళ్లీ కొలవండి. లోడుతోనే వెనక భాగం ముందుకు సమానంగా దిగిపోతుంటే ఈ కిట్ మీకు వద్దు. బిగిస్తే లోడు బండి ముక్కు ఎగదన్నుతుంది, స్టీరింగు తేలికవుతుంది, రాత్రి ఎన్‌హెచ్ 16 మీద ఎదుటివాడి కళ్లల్లో మీ లైట్లు పడతాయి. లోడుతో కూడా వెనక ఇంకా ఎత్తుగా ఉంటే, అందులో ఒక 10–15 మిల్లీమీటర్లు మిగిల్చి తక్కినంత లేపుకోవచ్చు.

బిగింపుకి రెండు జాకీలు, చాసీ కింద పెట్టే స్టాండ్లు, టార్క్ రెంచ్ (నట్టుని లెక్క ప్రకారం బిగించే రెంచ్), బాల్ జాయింట్ పుల్లర్ కావాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు చక్రాల నట్లు నేల మీదుండగానే వదులు చేసి, చాసీని స్టాండ్ల మీద నిలపాలి. జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. చక్రం తీశాక ఏబీఎస్ వైరు క్లిప్పు, బ్రేకు గొట్టం బ్రాకెట్ ముందు విప్పాలి. లేకపోతే ఆర్మ్ దిగినప్పుడు లాగుడంతా వాటి మీదే పడుతుంది. రెండు వైపులా స్టెబిలైజర్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు విప్పి, లోయర్ ఆర్మ్ కింద రెండో జాకీ ఆనించి, అప్పర్ బాల్ జాయింట్‌ని పుల్లర్‌తో విడదియ్యాలి. సుత్తితో బాదితే రబ్బరు బూటు చిరుగుతుంది, అందులోకి ఇసక చేరితే జాయింటు ఎక్కువ కాలం నిలవదు. నకిల్‌ని (చక్రం హబ్ ఉండే దిమ్మని) తాడుతో చాసీకి కట్టెయ్యండి. బ్రేకు గొట్టానికి వేలాడితే అది పాడవుతుంది. 4x4లో నకిల్ బయటికి ఒరిగితే, ముందు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడిపోతుంది కూడా.

స్ట్రట్ కింది బోల్టు, పైన మూడు నట్లు తీస్తే స్ట్రట్ బయటికొస్తుంది. పైన నడిమధ్య ఉండే పెద్ద నట్టుని మాత్రం ముట్టుకోవద్దు. నొక్కుకుని ఉన్న స్ప్రింగుని పట్టుకున్నది అదొక్కటే. వదిలితే ప్రాణాపాయం. స్పేసర్ పెట్టి పాత స్టడ్డులకు నట్లు బిగించి, స్పేసర్ సొంత స్టడ్డులు పైన చాసీ కంతల్లోకి వచ్చేలా తిప్పి ఎక్కించాలి. వెనక్కి కూర్చోబెట్టేటప్పుడు ఆర్మ్ బుష్ బోల్టులు వదులు చేసి చేత్తో పట్టేంతే ఉంచి, చక్రాలు నేలమీద ఆనాకే టార్క్‌కి బిగించండి. ఆ బుష్‌లలో రబ్బరు ఇనుముకి అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే బండి దిగిన ప్రతిసారీ రబ్బరు మెలిపడి తొందరగా చీలుతుంది. కొత్త కిట్ వేశాక కిర్రుమని శబ్దం వస్తోందంటే ముందు ఇదే చూడాలి. టార్క్ అంకెలు మీ మోడల్ మాన్యువల్‌లోవే వాడండి, నోటిమాట అంకెలు వద్దు.

బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. ముందు లేస్తే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మారుతుంది, కాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగు తిరిగే ఇరుసు వాలు) తగ్గుతుంది, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) పాజిటివ్ వైపు, అంటే చక్రం పైభాగం బయటికి పోతుంది. అలాగే తిప్పితే టైర్ల అంచులు అరుగుతాయి, స్టీరింగు తనంతట తాను మధ్యకి రాదు. టో ఒక్కటే సర్ది పంపేవాళ్లున్నారు. కాస్టర్, క్యాంబర్ అంకెలు కూడా కాగితం మీద అడిగి తీసుకోండి. హెడ్‌లైట్ల వెలుగు గోడ మీద పడేలా చూసుకుని కిందికి దించుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి టార్క్ చూడటం తప్పనిసరి.

కిట్‌లో మాకు నచ్చనిది, ఎక్కువ ఎత్తు స్పేసర్లని కూడా అప్పర్ ఆర్మ్‌లు లేకుండానే అమ్మడం. చక్రం దగ్గర లేచే ఎత్తు 40 మిల్లీమీటర్లు దాటితే, చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు అప్పర్ ఆర్మ్ స్ప్రింగుకి రాసుకునే ప్రమాదముంది. చీమకుర్తి క్వారీ దారుల్లో గుంత గుంతకీ జరిగేదే అది. 4x4లో డ్రైవ్ షాఫ్ట్ కోణం పెరిగి బూట్లు చిరుగుతాయి, గ్రీజు చిమ్ముతుంది. 4x2లో ముందు డ్రైవ్ షాఫ్టులే ఉండవు కాబట్టి ఆ బెంగ లేదు. పైకి కొట్టుకునేటప్పుడు ఇంకో సమస్య: స్పేసర్ వల్ల స్ట్రట్ కిందికి జరిగినందున, బంప్ స్టాప్ (ఆర్మ్ మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు) కన్నా ముందే షాక్ అబ్జార్బర్ అడుగు తగలొచ్చు.

బొలెరో పికప్‌లలో ముందు కూడా కమాన్ కట్టలే ఉన్న మోడళ్లకి ఈ కిట్ పనికిరాదు. ముందు ఇరుసుకీ కట్టకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టించుకోవద్దు. బ్రేకు కొట్టినప్పుడు ఆ దిమ్మ మీద మెలిక బలం పడుతుంది, అది జారితే స్టీరింగు చేతిలో ఉండదు. కట్ట వంపు పోయి ఉంటే కమాన్ పని చేసేచోట పట్టీలు మార్పించుకోవడమే దారి, అప్పుడు యూ-బోల్టులు కూడా కొత్తవి వెయ్యాలి.

సముద్రం పక్క తిరిగే బండ్లకి మరో జాగ్రత్త. అల్యూమినియం, ఇనుము కలిసినచోట ఉప్పునీళ్లు తగిలితే అల్యూమినియం తెల్లగా పొడిబారి తరిగిపోతుంది, స్టడ్డు పట్టేస్తుంది. ఇందుకూరుపేట, ముత్తుకూరు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండి అయితే స్పేసర్ రెండు ముఖాలకీ తుప్పు పట్టనివ్వని పూత పుయ్యండి, అడుగుభాగం మంచినీళ్లతో తరచూ కడగండి. నల్ల పౌడర్ కోటింగ్ ఉన్న స్పేసర్లయితే మేలు, కానీ నట్టు కూర్చునేచోట ఆ పూత మందంగా ఉంటే కొన్నాళ్లకి నలిగి నట్టు వదులవుతుంది, అక్కడ గీకి తియ్యాలి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండి మార్పులకి హద్దులు పెడుతుంది. కిట్ కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యండి. వారంటీలో ఉన్న బండైతే సస్పెన్షన్ భాగాల క్లెయిమ్ సంగతి షోరూమ్‌లో ముందే కాగితం మీద రాయించుకోండి.