కందుకూరులో నా వెనక చక్రం నిలబెట్టిన షాపు

ఈ సైకిల్ రిపేరు షాపుకి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేదట, గాలివానకి ఎగిరిపోయిందట. కందుకూరులో కనిగిరి రోడ్డు పట్టుకున్నాక వేపచెట్టు కొమ్మకి పాత టైర్లు వేలాడుతుంటాయి, అదే గుర్తు.

సంక్రాంతి పోయాక మేం ఆరుగురం నెల్లూరు నుంచి ఒంగోలుకి సైకిళ్ళ మీద బయల్దేరాం. హైవే మీద తిన్నగా పోతే 120 కిలోమీటర్లు, ఒక్కరోజు పని. మేం మూడు రోజులు పెట్టుకుని కందుకూరు, కనిగిరి, పొదిలి చుట్టి పోయాం. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ళకీ ఎముకలకీ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి ఊరూరా చెప్పాలని, కిలోమీటరుకి ఇంత అని తెలిసినవాళ్ళు ఇచ్చే డబ్బుతో ఒక బడికి నీళ్ళ ఫిల్టరు పెట్టించాలని. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. సొంత సైకిల్ లేదు. అద్దెకు తెచ్చుకున్న గేరు సైకిల్ కావలి దాటకముందే వెనక నుంచి కిర్రుమంది. ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే "మెల్లగా తొక్కండి మేడం" అన్నారు. సింగరాయకొండ దగ్గర వెనక చక్రం పుల్ల (స్పోక్) ఒకటి తెగింది. ఎడమకు తిరిగి కందుకూరు చేరేసరికి రెండోది కూడా. రిమ్ము ప్రతి చుట్టుకీ బ్రేకుకి రాసుకుంటోంది.

"యాడి నుంచమ్మా?" అన్నాడు పెద్దాయన. చెప్పాను. "నెల్లూరు నుంచి దీని మీదనా!" అని చక్రం వైపు చూశాడు, నా వైపు కాదు.

తెగిన పుల్లలు రెండూ ఫ్రీవీల్ వైపువే, అంటే చైను తగిలే వెనక పళ్ళచక్రం వైపువి. అది ఊడదీయకుండా కొత్తవి ఎక్కించడం కుదరదు, ఊడదీసే పానా అందరి దగ్గరా ఉండదు. ఈయన రేకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన పానా తీశాడు. మామూలు సైకిల్ పుల్లలు నా చక్రానికి పొడుగయ్యాయి. కొలిచి, కోసి, మర వేశాడు. తర్వాత చక్రాన్ని ఫోర్కులో తిప్పుతూ రిమ్ముకి దగ్గరగా సుద్దముక్క పట్టుకున్నాడు. ఎక్కడ వంకరుందో అక్కడే తెల్లగీత పడుతుంది. ఆ గీత దగ్గర పుల్లని రిమ్ముకి బిగించే నిప్పుల్‌ని పావు చుట్టు తిప్పడం, గీత తుడవడం, మళ్ళీ సుద్ద. గంటన్నర ఇదే పని. మధ్యలో పుల్లల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కి బిగువు చూసేవాడు. మావాళ్ళు టెన్షన్ పడి "ఇంకెంతసేపు పెద్దాయనా" అంటే, "తొందరుంటే ఆటోలో ఎక్కించుకుని పోండి" అన్నాడు. మాట కొంచెం కటువు, ముందే చెబుతున్నాను.

మా అట్ట మీద "ఫ్లోరోసిస్‌పై అవగాహన యాత్ర" అని ఉంది. ఆయన చదివి నవ్వాడు. అప్పుడు చూశాను, ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. సొంతూరు కనిగిరి పక్క. పళ్ళు చిగుళ్ళలో తయారయ్యే చిన్న వయసులో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితేనే ఆ చారలు పడతాయి, పెద్దయ్యాక తాగితే కాదు. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించి 1937లో రాసింది నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి అప్పుడు మన నెల్లూరు జిల్లానే, 1970లో కదా ఒంగోలు జిల్లాలో (తర్వాత ప్రకాశం) కలిశాయి. ఇదంతా నేను ఉపన్యాసంలా మొదలుపెడితే ఆయన పని ఆపకుండానే అన్నాడు: "జబ్బుందని మాకు చెప్పేదేందమ్మా. మాయమ్మ రోజూ నీళ్ళు కాచి, వడగట్టి ఇచ్చేది. అయినా ఎందుకొచ్చిందో అది చెప్పు."

కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు, నీళ్ళు తేటగా ఉన్నా తెలియదు, రుచి చూసినా తెలియదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిందా లేదా అన్నది పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చక్రాన్ని ఇంకో చుట్టు తిప్పాడు. ఈసారి సుద్ద తగల్లేదు.

ఆ సుద్దముక్క అడిగి తీసుకుని అట్ట వెనక "బోరు నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, పరీక్ష చేయించండి" అని రాశాను. కనిగిరిలో ముందువైపు చదివి ఎవరూ ఆగలేదు. వెనకవైపు చదివి ఆగారు.

రెండు పుల్లలకీ బెండు తీసినదానికీ కలిపి 220 రూపాయలు. మంచి పని మీద పోతున్నారని తగ్గించలేదు, నేనూ అడగలేదు. పొదిలి దాటాక చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు తిరిగి గుంతలు పడ్డ రోడ్డు మీద నా వెన్ను విరిగింది గానీ చక్రం అంగుళం కూడా పక్కకి పోలేదు. ఒంగోలులో తిప్పి చూసుకున్నాను, సూటిగా ఉంది.

లోపాలూ ఉన్నాయి. సన్నటి వాల్వు ట్యూబులకి గాలి కొట్టే పంపు లేదు, మీది మీరే తీసుకుపోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి మళ్ళీ నాలుగింటికే తీస్తాడు. ఫోన్‌పే లేదు, నోట్లే. అన్నిటికన్నా పెద్ద తప్పు నూనె: అడక్కుండానే చైనంతా తడిపేశాడు, కనిగిరి రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంది. చైను ముట్టుకోవద్దని చక్రం అప్పగించేటప్పుడే చెప్పండి.