తిరునాళ్ళలో గెలిచిన గోల్డ్‌ఫిష్: కవరా, కూపనా, కొయ్య గరిటెనా – ఏది మేలు?

నెల్లూరులో వేసవి సెలవులకు ఎగ్జిబిషన్ పెట్టారంటే జెయింట్ వీల్, పీచు మిఠాయిల తరువాత పిల్లలు కాళ్ళు నిలిపే చోటు రింగులాట దుకాణమే. సబ్బుబిళ్ళలు, స్టీలు గ్లాసులు, బిస్కెట్ పొట్లాలు వరసగా పేర్చి, దేని మీద రింగు పడితే అది మీదే అనే ఈ పాత ఆటలో, రెండేళ్ళ కిందట నేను చూసిన ఒక దుకాణంలో కొత్త బహుమతి కనిపించింది. పైన కట్టిన తాడుకు పాలిథీన్ కవర్లు వేలాడుతున్నాయి. ఒక్కొక్క కవరులో గ్లాసెడు నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక నారింజ రంగు గోల్డ్‌ఫిష్. బల్బు వెలుతురుకు అవి నిజంగానే బంగారంలా మెరుస్తున్నాయి, జనమంతా అక్కడే ఉన్నారు. ఇవి ఎన్నాళ్ళు బతుకుతాయని అడిగితే దుకాణంలోని మనిషి దాపరికం లేకుండా చెప్పాడు: "రెండు రోజులు బతికినా పిల్లోడికి సంతోషమే గదా సార్, సబ్బుబిళ్ళ ఇస్తే ఎవురు చూస్తారు?"

అతని మాటలో వాదనలు రెండున్నాయి. బిడ్డ సంతోషం మొదటిది, వ్యాపారం రెండవది. రెండూ తీసిపారేయదగినవి కావు. కనుక జీవమున్న చేపను అక్కడికక్కడే చేతికివ్వడం, చేపకు బదులు తరువాత తీసుకునేలా కూపను ఇవ్వడం, చేప ఊసే లేకుండా వేరే వస్తువు ఇవ్వడం అనే మూడు పద్ధతులను ఆ రెండు వాదనలను దృష్టిలో ఉంచుకునే పోల్చి చూద్దాం.

ముందుగా చేప సంగతి. గోల్డ్‌ఫిష్ అంటే చిన్న చేప, కొద్దికాలం బతికే చేప అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. అది పూర్తిగా పొరపాటు. వెయ్యేళ్ళకు పైగా చైనాలో పెంపకంలో ఉన్న ఈ చేప కార్పు జాతికి, అంటే మన బొచ్చె, రాగండి చేపల వంశానికి చెందినదే. సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది, మామూలు రకమైతే అడుగు పొడవు దాకా పెరుగుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో చనిపోయింది. గిన్నిస్ రికార్డుల్లో దాని పేరు ఉంది. సంత బహుమతులను సమర్థించేవారు ఈ ఉదాహరణను తమవైపు చెప్పుకుంటారు గాని, నాకు అది ఎదురుగానే తోస్తుంది. నలభై మూడేళ్ళు బతకగలిగిన ప్రాణిని రెండు రోజులు బతికినా చాలునని లెక్కగట్టి ఇస్తున్నామని అది గుర్తుచేస్తుంది.

కవరులో ఏం జరుగుతుందో నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇందుకూరుపేట, ముత్తుకూరు నుంచి సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలున్న ప్రతి ఊళ్ళోనూ డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత), అమ్మోనియా (చేపలు, రొయ్యలు వదిలే విషపు వ్యర్థం) అనే మాటలు బడికి వెళ్ళనివారి నోట కూడా వినిపిస్తాయి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని, కరెంటు పోతే జనరేటరు వేసి నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పాలని, నీళ్ళు వేడెక్కి పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా మరింత విషమవుతుందని రైతుకు తెలుసు. హేచరీ (పిల్లలను పొదిగించే కేంద్రం) నుంచి సీడ్, అంటే రొయ్యపిల్లలను తెచ్చేటప్పుడు సంచిలో మూడోవంతు నీళ్ళు పోసి, మిగిలిన చోటంతా ఆక్సిజన్ నింపి కట్టిస్తాడు. గుంట దగ్గరికి వచ్చాక ఆ సంచులను కాసేపు నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి వేడి, బయటి వేడి సమానమయ్యాకే విప్పుతాడు. రింగులాట దుకాణంలో ఆ జాగ్రత్తల్లో ఒక్కటీ లేదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ళ చేప, మన ఎగ్జిబిషన్లేమో ఎండాకాలంవి. చేప తన మొప్పల గుండా వదిలే అమ్మోనియా ఆ గ్లాసెడు నీళ్ళలోనే పేరుకుంటుంది. పైన బిగించిన గాలితో కొన్ని గంటలు నెట్టుకురావచ్చు గాని, సాయంత్రం నుంచి రాత్రి పదకొండు దాకా తాడుకు వేలాడి, ఆ తరువాత బస్సులో బిడ్డ ఒళ్ళో ఊగుతూ ఆత్మకూరు దాకా వెళ్ళే చేప లెక్క వేరు.

అసలు కష్టం ఇంటికి చేరాకే మొదలవుతుంది. రాత్రిపూట ట్యాంకు ఎక్కడిది? హార్లిక్స్ సీసాలో కుళాయి నీళ్ళు పోసి చేపను వదులుతారు. మునిసిపాలిటీ నీళ్ళలోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది. ఇంట్లో వాళ్ళు ప్రేమ కొద్దీ బొరుగులో, బిస్కెట్టో వేస్తారు. గోల్డ్‌ఫిష్‌కు కడుపుసంచి ఉండదు కనుక ఎంత వేసినా తింటున్నట్టే కనిపిస్తుంది, మిగిలింది నీళ్ళలో కుళ్ళుతుంది. అమ్మోనియాను విరిచే మేలు చేసే బాక్టీరియా కొత్త ట్యాంకులో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ట్యాంకు ముందు, చేప తరువాత రావాలి. బహుమతి పద్ధతి ఈ వరసను తలకిందులు చేస్తుంది. మా మేనల్లుడు ఆ దుకాణంలోనే గెలిచి తెచ్చుకున్న చేప మూడో రోజు పొద్దున తేలింది. వాడు ఏడ్చింది ఒక్క పూటే గాని, నీళ్ళు మార్చిన వాళ్ళ అమ్మ మాత్రం తానే ఏదో తప్పు చేశానని చాలా రోజులు అంటూ ఉండేది. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఆమె అడగని బాధ్యతను పది రూపాయల రింగు ఒకటి ఆమె నెత్తిన పెట్టింది, అంతే.

దీనికి ఎప్పుడూ వచ్చే ఎదురుప్రశ్న ఒకటుంది. చేపల పులుసుకు పేరుపడ్డ ఊళ్ళో ఉంటూ, వారానికి రెండుసార్లు కొరమేనో, చందువో వండుకుంటూ, ఒక రంగు చేప గురించి ఇంత విచారమెందుకని. ప్రశ్న న్యాయమైనదే. చేపల మార్కెట్లో తొట్టెలో ఒకదానిమీద ఒకటి పడి కొట్టుకునే కొరమేనులను చూసి కళ్ళు తిప్పుకునే నేను, ఆ విషయంలో నీతులు చెప్పే స్థానంలో లేను. అయినా రెండిటికీ తేడా ఉంది. తినడానికి చేపను కొన్నవాడు ఏం చేయబోతున్నాడో తెలిసి కొంటాడు, దాని అవసరం ఉండి కొంటాడు. బహుమతి చేపను ఎవరూ కోరి తీసుకోరు. సబ్బుబిళ్ళకు గురిచూసిన రింగు పక్కకు జారి కూడా అది ఇంటికి రావచ్చు. చేపలకు నొప్పి తెలుసా అనే వాదన కూడా ఇక్కడికి తెస్తారు. నొప్పిని పసిగట్టే నాడీకణాలు ట్రౌట్ చేపల తలలో ఉన్నాయని 2003లో బ్రిటన్ శాస్త్రవేత్తలు చూపించారు; ఆ నొప్పి మన నొప్పి లాంటిదేనా అన్నది తేలకపోయినా, ఊపిరాడక నీళ్ళ పైకి వచ్చి నోరు తెరిచే చేపను చూసిన రొయ్యల రైతు ఎవరూ దానికేమీ తెలియదనడు.

చట్టాన్ని చూద్దామంటే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే పరిగణిస్తుంది కనుక చేప కూడా అందులోకి వస్తుంది. కదలడానికి చాలినంత చోటులేని పాత్రలో జంతువును ఉంచడం సెక్షన్ 11 ప్రకారం నేరం. అయితే మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఎగ్జిబిషన్లో అప్పడమూ సోడా తీసుకున్నా అంతకంటే ఎక్కువవుతుంది. ఇతర దేశాల్లో రెండు దారులు కనిపిస్తాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం పెద్దవాళ్ళు తోడులేని 16 ఏళ్ళలోపు పిల్లలకు జంతువును బహుమతిగా ఇవ్వకూడదు. స్కాట్లండు అదే ఏడాది మరో చట్టంతో జంతువులను బహుమతిగా ఇవ్వడాన్నే నిషేధించింది. ఇటలీలో రోమ్ నగరపాలక సంస్థ 2005లో ఈ బహుమతులతోపాటు గుండ్రటి గాజు గిన్నెల్లో చేపలను ఉంచడాన్ని కూడా వద్దంది. మన తిరునాళ్ళకు ఇంగ్లండు పద్ధతి ఎందుకూ పనికిరాదు. ఇక్కడ పిల్లలు ఒంటరిగా రారు. అమ్మ, నాన్న, అమ్మమ్మ, పక్కింటి అత్త అందరూ వెంటే ఉంటారు, అంతమంది ఎదుట ఏడుస్తున్న బిడ్డకు వద్దని చెప్పగలిగే పెద్దమనిషి ఎవరు?

అందుకే కూపను మొదట నాకు చాలా నచ్చింది. దుకాణంలో చేప ఉండదు, బొమ్మ మాత్రమే ఉంటుంది. గెలిచినవారికి చీటీ ఇస్తారు. నెల తరువాత ఊళ్ళోని అక్వేరియం దుకాణానికి వెళ్ళి, ట్యాంకు సిద్ధం చేసుకున్నామని చెప్పి చేపను తీసుకోవచ్చు, లేదా అదే విలువకు మరొకటి తీసుకోవచ్చు. ఈ ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది మధ్యలో వచ్చే ఆ నెల రోజులు. రాత్రి పదింటికి జెయింట్ వీల్ దిగిన ఊపులో తీసుకున్న నిర్ణయానికి, ఇంట్లో నలుగురూ కూర్చుని తీసుకున్న నిర్ణయానికి పోలికే లేదు. నిజంగా చేపలు పెంచాలనే ఆసక్తి ఉన్న బిడ్డకు ఇది మంచి ఆరంభం కూడా అవుతుంది.

ఆలోచించిన కొద్దీ లోపాలు బయటపడ్డాయి. ఎగ్జిబిషన్‌కు వచ్చేవారిలో సగానికి సగం పల్లెలవారు. ఉదయగిరి నుంచో, కలువాయి నుంచో వచ్చినవారు ఒక చేప కోసం మళ్ళీ నెల్లూరుకు రారు, చీటీ చొక్కా జేబులోనే ఉతుకుల్లో కరిగిపోతుంది. వచ్చినవారికి చేప ఉచితం గాని, డెబ్బై ఎనభై లీటర్ల ట్యాంకు, అంటే నాలుగు నీళ్ళ క్యాన్లంత ట్యాంకు, ఫిల్టరు, క్లోరిన్ విరుగుడు మందు ఉచితం కావు. వాటి ధర చేప ధరకు ఎన్నో రెట్లుంటుంది. పాత సామెతలో చెప్పినట్టు కోడిపిల్లకంటే దిష్టితీతకే ఎక్కువన్నమాట. అప్పుడు ఆ కూపను బహుమతి అవుతుందా, అక్వేరియం దుకాణానికి గిరాకీ పంపే కాగితం అవుతుందా? ఊళ్ళో ఏడాదంతా ఉండే దుకాణం, తన దగ్గరికి తరచు వచ్చేవారికి ఇలాంటి చీటీ ఇస్తే అభ్యంతరం లేదు. పదిహేను రోజులుండి మరో ఊరికి డేరా ఎత్తేసే ఎగ్జిబిషన్‌కు మాత్రం అది నప్పదు.

గోల్డ్‌ఫిష్‌కు బదులు ఫైటర్ చేపను ఇవ్వొచ్చు కదా అని చేపల వ్యాపారం తెలిసినవారు అంటారు. ఫైటర్ నేరుగా పైగాలిని పీల్చుకోగలదు కనుక కవరులో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇది రవాణా సమస్యకు మాత్రమే జవాబు. సీసా అదే, బొరుగులు అవే. రంగులద్దిన కోడిపిల్లలను సంతలో అమ్మేవారు కూడా సరిగ్గా ఇలాంటి సమర్థనే చెబుతారు కనుక దీని మీద ఎక్కువ మాటలు వృథా.

ఇక మిగిలింది వేరే వస్తువు. సబ్బుబిళ్ళను ఎవరూ చూడరన్న దుకాణదారుని మాటకు ఇక్కడ జవాబు చెప్పాలి, ఎందుకంటే అతని పొట్ట కొట్టే సలహా సలహా కాదు. జనాన్ని ఆపినది చేపలోని ప్రాణమా, ఆ రంగూ మెరుపూనా అని నేను చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. పిల్లలు కదలికను చూశారు, అది నిజం. పెద్దవాళ్ళు మాత్రం "ఇదేందో కొత్తగా ఉందే" అని ఆగారు. కొత్తదనం కావాలంటే మన జిల్లాలోనే ఉంది. ఉదయగిరిలో చేతితో చెక్కే కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు ఎంత సన్నగా, నునుపుగా ఉంటాయో చూసినవారికి తెలుసు. నెల్లూరు పట్టణంలోనే వాటిని చూడనివారు ఎంతోమంది. కర్ర మీద చేప ఆకారం చెక్కిన పిడితో ఒక చెంచాను తాడుకు వేలాడదీస్తే రింగులు పడవంటే నేను నమ్మను. ఖరీదు కాస్త ఎక్కువే. అలాంటివి నాలుగు పెద్ద బహుమతులుగా పెట్టి, చిన్నవాటికి తాళంచెవి తిప్పి నీళ్ళలో వేస్తే ఈదే చేపబొమ్మలు పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ బొమ్మ కూడా చెత్తే కదా అంటే, నిజమే, చెత్తే. కానీ అది విరిగినప్పుడు ఎవరూ దోషిగా నిలబడరు.

కనుక ఎగ్జిబిషన్ కమిటీలో ఎవరైనా నన్నడిగితే దుకాణాలకు చోటు కేటాయించే ఒప్పంద పత్రంలోనే జీవమున్న ప్రాణిని బహుమతిగా ఇవ్వరాదని ఒక వాక్యం రాయించమంటాను. కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. నిప్పు, కరెంటు జాగ్రత్తల నిబంధనలు రాసే చోటే అదీ ఇముడుతుంది. దుకాణదారుకు ఆ సంగతి ముందే తెలిస్తే చేపలు కొని నష్టపోడు.

ఇప్పటికే ఇంటికి కవరు వచ్చేసినవారికి పనికొచ్చే మాట కూడా చెప్పాలి. సీసాలో పోయకండి; మూతి వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ టబ్బు దానికంటే ఎంతో మెరుగు. రోజంతా బయట పెట్టి ఉంచిన నీళ్ళుగాని, క్లోరిన్ కలపని బోరు నీళ్ళుగాని వాడండి. కవరును టబ్బులో పావుగంట తేలనిచ్చి విప్పండి. మొదటి రెండు రోజులు తిండి వేయకపోయినా చేపకు ఏమీ కాదు, వేస్తేనే ప్రమాదం. రోజూ నాలుగోవంతు నీళ్ళు తీసి, అంతే కొత్త నీళ్ళు పోస్తూ, ఈలోగా ట్యాంకు ఉన్న ఇల్లో, తీసుకునే దుకాణమో వెతకండి. బతకనీ పాపమని స్వర్ణాల చెరువులోనో, పెన్నలోనో మాత్రం వదలకండి. అక్వేరియం నుంచి బయటపడిన సక్కర్ చేప ఆంధ్రలో ఎన్ని చెరువుల్లో తిష్ఠవేసి వలలు చింపుతోందో చేపలు పట్టేవాళ్ళను అడిగితే చెబుతారు.