రెండు వాల్వుల జీ బ్యూగిల్: కొని, వాయించి చూశాక

మా అబ్బాయి టెక్సాస్‌లో తన హైస్కూలు మార్చింగ్ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. వాడితో పాటు రెండు వేసవులు వరుసగా శాన్ ఆంటోనియోలోని అలమోడోమ్ స్టేడియానికి వెళ్లి డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ పోటీలు, అంటే డ్రమ్ములూ ఇత్తడి వాద్యాలూ వాయిస్తూ కవాతు చేసే బృందాల పోటీలు చూశాను. పేరులో బ్యూగిల్ ఉంది కానీ మైదానంలో మాత్రం ఒక్క బ్యూగిల్ కూడా కనిపించలేదు. ఆ అనుమానం తీర్చుకోవడానికే జీ శ్రుతిలో పలికే పాత సొప్రానో (పై స్థాయి స్వరాలు వాయించే) బ్యూగిల్ ఒకటి 180 డాలర్లకు సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకున్నాను. నాలుగు నెలలు వాయించాక రాస్తున్న సమీక్ష ఇది.

బ్యూగిల్ అనగానే మనకు ఎన్.సి.సి. పరేడ్‌లోనో పోలీసు కవాతులోనో చూసిన, మీటలేవీ లేని ఇత్తడి బాకా గుర్తుకొస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలు పెంచి పోషించిన బృందాలు కూడా అలాంటి వాద్యాలతోనే మొదలయ్యాయి. పెదవుల బిగువుతో పలికే సహజ స్వరాలు కొన్ని మాత్రమే కాబట్టి, కాలక్రమంలో వాల్వులు, అంటే గాలి దారిని పొడిగించి స్వరాన్ని దించే మీటలు వచ్చాయి: అడ్డంగా అమర్చిన పిస్టన్ ఒకటి, దానికి తోడుగా తిరిగే రకం (రోటరీ) వాల్వు ఒకటి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ తొలి ఛాంపియన్‌షిప్ జరిగి, అనహైమ్ కింగ్స్‌మెన్ బృందం గెలిచింది. నిలువుగా నొక్కే రెండు వాల్వులకు 1977లోనూ, మూడో వాల్వుకు 1990లోనూ అనుమతి దొరికింది. 2000 నుంచి వాద్యం జీ శ్రుతిలోనే ఉండాలన్న నియమం కూడా పోవడంతో, బృందాలు క్రమంగా మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్లకు మారిపోయాయి. నా చేతికి వచ్చినది ఆ మధ్యకాలపు రకం, అంటే రెండు వాల్వులది.

చిన్నప్పుడు కొన్నేళ్లు వయొలిన్ నేర్చుకున్నందువల్ల దీన్ని మన స్వరాలతోనే పరీక్షించాను. జీ అంటే మన లెక్కలో 5 శ్రుతి. మా అబ్బాయి ట్రంపెట్ ఆరున్నర శ్రుతి. మొదటి వాల్వు నొక్కితే స్వరం రెండు మెట్లు (హార్మోనియంలో పక్కపక్క మీటల మధ్య దూరం ఒక మెట్టు), రెండోది నొక్కితే ఒక మెట్టు, రెండూ కలిపి నొక్కితే మూడు మెట్లు దిగుతుంది. అంతకు మించి దిగడానికి దారి లేదు. వాల్వులు నొక్కకుండా ఇక్కడ పలికేవి షడ్జం, పంచమం, పై షడ్జం మాత్రమే. అందువల్ల మధ్య షడ్జం నుంచి పైకి వెళ్లేటప్పుడు రెండు రిషభాలూ, సాధారణ గాంధారమూ, శుద్ధ ధైవతమూ అసలు పలకవు. మోహన రాగం ఎత్తుకుంటే రెండో స్వరం దగ్గరే ఆగిపోయాను. అమృతవర్షిణి రాగానికి మాత్రం షడ్జం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, కాకలి నిషాదం, పై షడ్జం అన్నీ దొరికాయి. గమకాలు ఆశించకూడదు, రెండు వాల్వులూ కలిపి నొక్కినప్పుడు గాంధారం కాస్త హెచ్చుగా పలుకుతుంది కాబట్టి దాన్ని పెదవులతోనే దించుకోవాలి. అయినా గ్యారేజీ తలుపు మూసుకుని ఆ ఆరోహణ వాయించిన సాయంత్రం ఈ వాద్యం మీద నాకున్న చులకనభావం పోయింది. పై స్థాయికి వెళ్లాక రిషభం దొరుకుతుంది. పాత బృందాల సంగీతకర్తలు సొప్రానోలను ఎందుకంత ఎత్తున వాయింపజేశారో అప్పుడు అర్థమైంది.

నాదం సంగతికి వస్తే, దీని గొట్టం ట్రంపెట్ గొట్టం కంటే పొడవు, నా చేతిలో బరువు కూడా ఎక్కువే. ధ్వని వెడల్పుగా, కొంచెం మొరటుగా, ఎదురుగా ఉన్నవారి ఛాతీకి తగిలేలా వస్తుంది. మృదువుగా వాయించబోతే శ్రుతి నిలవదు. ఒక్కరు వాయిస్తేనే ఇలా ఉంటే, అరవై మంది కలిసి దీన్ని శ్రుతిలో పెట్టడానికి పడిన శ్రమ ఊహించుకోవచ్చు.

అమ్మినవారి గురించి మంచి మాట చెప్పలేను. ప్రకటనలో వెంటనే వాయించవచ్చని రాసి ఉంది. పెట్టె విప్పి చూస్తే రెండో వాల్వు నూనె ఎండిపోయి, లోపల పాచి పట్టి, బిగుసుకుపోయి ఉంది. రెండుసార్లు రాస్తే 20 డాలర్లు వెనక్కి ఇచ్చి ఊరుకున్నారు. మా ఊళ్లో మరమ్మతు చేసే ఆయన పూటలో దాన్ని విడదీసి, కడిగి, అరిగిపోయిన ఫెల్ట్ బిళ్లలు మార్చి 45 డాలర్లు తీసుకున్నారు. ఆ తరువాత ఇబ్బంది ఏమీ లేదు.

మార్పులన్నీ చెడ్డవని నేను అనను. మూడో వాల్వు న్యాయంగా రావలసిందే. రిషభం లేని వాద్యాన్ని పిల్లల చేతికిచ్చి సంగీతం నేర్చుకోమనడంలో అర్థం లేదు. 2004లో మైకులకూ, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలకూ, 2014లో ట్రాంబోన్లకూ వచ్చిన అనుమతుల్లో నాకు మధ్యదానితోనే పేచీ ఉంది. అలమోడోమ్‌లో సింథసైజర్ అడుగు స్వరం స్పీకర్లలోంచి మోగుతున్నంతసేపు, మైదానంలో ఉన్న ఇత్తడి వాద్యాల్లో ఎవరు ఎంత బాగా వాయిస్తున్నారో నాకు వినిపించలేదు. స్పీకర్లు ఆగి బృందమంతా ఒక్కసారి మనవైపు తిరిగి ఊదినప్పుడు మాత్రం టికెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయి.

సాధన కోసం ట్రంపెట్ వెతుకుతున్న పిల్లలకు ఇది పనికిరాదు. దీనికి అలవాటుపడిన వేళ్లు ట్రంపెట్ మీద తడబడవు కానీ దీని మీద మూడో వేలికి పని ఉండదు. పాత రికార్డింగులు విని ఆ ధ్వని ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ ధర ఎక్కువేమీ కాదు. ట్రంపెట్ మౌత్‌పీస్ నా దానికి చక్కగా పట్టింది కనుక అది విడిగా కొనుక్కోనక్కర్లేదు. డబ్బు పంపేముందు మాత్రం రెండు వాల్వులూ నొక్కి వదులుతున్న వీడియో అడిగి తెప్పించుకోండి, నేను అడగలేదు.