పాత జర్మన్ సైనికాధికారుల టోపీల వెంట పన్నెండు రోజులు

మన పోలీసు అధికారులు పెట్టుకొనే పీక్ క్యాప్‌ను పోలిన టోపీని జర్మన్ భాషలో షిర్మ్‌మ్యుత్సే అంటారు. పాతకాలపు జర్మన్ అధికారుల షిర్మ్‌మ్యుత్సేలను నేను ఎనిమిదేళ్ళుగా సేకరిస్తున్నాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసుపై గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టిన ఉదంతాన్ని మా తాతగారు తన తండ్రి నోట విన్నది విన్నట్టుగా మాకు చెప్పేవారు. ఆ నౌక మీద నిలబడిన అధికారి ఎలా ఉండేవాడో చూడాలన్న చిన్ననాటి కోరిక పెద్దయ్యాక ఈ సేకరణగా మారింది. ఇన్నాళ్ళూ ఫొటోలు చూసి ఇంటి నుంచే కొన్నాను, రెండుసార్లు మోసపోయాను. అసలైన టోపీలను కళ్ళారా చూడకుండా ఇక ఒక్కటి కూడా కొనకూడదని నిశ్చయించుకొని 2025లో జర్మనీ వెళ్ళాను.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడి ఇంట్లో మొదటి నాలుగు రోజులు ఉన్నాను. అక్కడి నుంచి ఇంగోల్‌స్టాట్‌కు రైలులో గంటలోపు ప్రయాణం. ఆ ఊరి కోటలో ఉన్న బవేరియా సైనిక మ్యూజియం 1879లో మ్యూనిక్‌లో ఏర్పడి 1972లో ఇక్కడికి తరలివచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ విభాగం మాత్రం డాన్యూబ్ నది అవతలి ఒడ్డున రెడ్యూట్ టిల్లీ అనే పాత దుర్గంలో ఉంది. సోమవారం సెలవు కనుక ఆ రోజు తప్పించి వెళ్ళాలి. రెండు భవనాలనూ ఒకే రోజులో చూడాలనుకోవడం పొరపాటు; నేను రెండో రోజు కూడా వెళ్ళవలసి వచ్చింది.

టోపీని చదవడం నాకు అలవడింది ఇక్కడే. కైజర్ల (జర్మన్ చక్రవర్తుల) కాలంలో సామాన్య సైనికులకు ముందంచు లేని గుండ్రని టోపీ ఇచ్చేవారు; ముందంచు ఉన్న టోపీ అధికారులకూ, పై హోదాలోని హవల్దారు స్థాయి వారికీ పరిమితం. అధికారులు తమ టోపీని సొంత డబ్బుతో దుకాణంలో కుట్టించుకొనేవారు కాబట్టి గుడ్డ నాణ్యతలోనూ కుట్టుపనిలోనూ టోపీకీ టోపీకీ తేడా కనిపిస్తుంది, లోపలి అస్తరు మీద దుకాణం ముద్ర, ఒక్కోసారి సొంతదారు పేరులోని పొడి అక్షరాలు కూడా దొరుకుతాయి. ముందువైపు రెండు గుండ్రని బిళ్ళలు ఉంటాయి. వీటిని కొకార్డ్ అంటారు. నలుపు, తెలుపు, ఎరుపు రంగులతో పైన ఉండే బిళ్ళ మొత్తం సామ్రాజ్యానిది, దానిని 1897లో ప్రవేశపెట్టారు. కింది బిళ్ళ ఆ సామ్రాజ్యంలో అధికారి సొంత రాజ్యానిది: ప్రష్యాకు నలుపు తెలుపు నలుపు, బవేరియాకు తెలుపు నీలం తెలుపు, వ్యూర్టెంబర్గ్‌కు నలుపు ఎరుపు నలుపు. అంటే 1897 తరువాతి టోపీ మీద ఒకే బిళ్ళ ఉంటే, రెండోది ఏమైందని అడిగి తీరాలి.

ఇంగోల్‌స్టాట్‌లో ఒక రాత్రి చిన్న అతిథిగృహంలో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఉదయం ఫలహారం మంచిది. అయితే రాత్రి ఎనిమిది దాటాక అక్కడ ఎవరూ ఉండరనీ, తాళంచెవి గోడకున్న పెట్టెలో పెడతారనీ వారు ముందుగా చెప్పలేదు. పెట్టె తెరిచే అంకెలు నాకు అందేసరికి పది దాటింది, అప్పటివరకూ చలిలో బయటే నిలబడ్డాను. చిన్న ఊళ్ళలో దిగేవారు ఈ సంగతి ముందే అడిగి రాయించుకోవాలి.

డ్రెస్డెన్‌లోని సైనిక చరిత్ర మ్యూజియం మరో రకం అనుభవం. పాత ఆయుధాగార భవనాన్ని చీల్చుకొని వచ్చినట్టుండే లోహపు కోణాన్ని డానియల్ లీబెస్కిండ్ రూపొందించగా, మ్యూజియాన్ని 2011లో తిరిగి తెరిచారు. వస్తువుల వివరం కంటే యుద్ధం మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్నకే ఇక్కడ పెద్దపీట. టోపీలు మాత్రమే చూడాలనుకొనేవారికి ఇంగోల్‌స్టాట్ ఎక్కువ ఉపయోగం. కానీ ఈ వస్తువులను ఇంట్లో దాచుకొనే ప్రతివారూ డ్రెస్డెన్ చూడాలని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ గదుల్లో తిరిగాక టోపీ అందమైన వస్తువుగా మాత్రమే కనిపించదు. నేను నాజీ కాలపు టోపీలు కొనను. ఆ నిర్ణయం పాతదే అయినా, అక్కడ ఇంకా స్థిరపడింది.

ఈ విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. జర్మన్ శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ ప్రకారం స్వస్తిక వంటి నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం నేరం, మూడేళ్ళ వరకు జైలు లేదా జరిమానా పడుతుంది. చదువు, పరిశోధన, కళ వంటి అవసరాలకు మినహాయింపు ఉంది. పాత సామాన్ల సంతలో అటువంటి చిహ్నం కనిపిస్తే ఫొటో తీసి అందరికీ పంపే పని పెట్టుకోకపోవడం మంచిది.

బెర్లిన్‌లో ఉంటెర్ డెన్ లిండెన్ వీధిలోని త్సాయిగ్‌హౌస్ భవనం, అంటే జర్మన్ చరిత్ర మ్యూజియం ఉండే పాత ఆయుధాగారం, 2021లో మరమ్మతుల కోసం మూసేశారు; నేను వెళ్ళినప్పటికి తెరవలేదు. అందువల్ల టియర్‌గార్టెన్ స్టేషన్ దగ్గర శని, ఆదివారాలలో జరిగే జూన్ 17 వీధి సంతకు వెళ్ళాను. బయలుదేరే ముందు మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, లోపల చూడకుండా డబ్బు మాత్రం తీయకండి" అన్నాడు. మొదట చూసిన ముదురు నీలం టోపీ బాగా ఆకర్షించింది. ఎర్ర పట్టీ మీది కింది బిళ్ళను అమ్మకందారు అనుమతితో కొద్దిగా ఎత్తి చూశాను. బిళ్ళ చాటున ఎండ తగలని గుడ్డ బిళ్ళంత మేరకే ముదురుగా మిగలాలి. ఇక్కడ ఆ గుండ్రని మచ్చ బిళ్ళకంటే వెడల్పుగా ఉంది. అంటే ఇప్పుడున్న బిళ్ళ తరువాత అతికించినది. చిన్న అతినీలలోహిత దీపం వేయగానే అస్తరు అంచు దారం నీలితెలుపుగా మెరిసింది. ఆ మెరుపు తెచ్చే రసాయనాలు దారాల్లోకి విరివిగా వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తరువాతే. దానిని తిరిగి ఇచ్చేశాను. మరో బల్ల మీద దొరికిన ప్రష్యన్ పదాతి దళ అధికారి టోపీలో నుదుటికి తగిలే తోలు పట్టీ చెమటకు నల్లబడి ఉంది, దారం మెరవలేదు, రెండు బిళ్ళల కింది మచ్చలూ సరిగ్గా సరిపోయాయి. 420 యూరోలకు తీసుకున్నాను. అమ్మిన పెద్దాయన రసీదు రాసి ఇచ్చి, టోపీలో మెత్తని కాగితం కూరి మరీ కట్టారు.

చివరి రెండు రోజులు హాంబర్గ్. ఓడల మీది ఆసక్తితోనే అంతర్జాతీయ సముద్రయాన మ్యూజియానికి వెళ్ళాను. పాత గిడ్డంగిలో 2008లో తెరిచిన ఈ మ్యూజియంలో నౌకాదళ దుస్తుల సేకరణ ఉంది, కానీ అంతస్తులు చాలా కనుక నేరుగా ఆ అంతస్తుకే వెళ్ళాలి. హోటల్ ఖరీదైనది, గది ఇరుకు. రైల్వేస్టేషన్ పక్కనే ఉండటం ఒక్కటే సౌకర్యం. 2025లో నెలకు 58 యూరోలున్న డాయిచ్‌లాండ్ టికెట్ అనే ప్రయాణ పాసు వేగపు రైళ్ళలో చెల్లదు కాబట్టి బెర్లిన్ నుంచి హాంబర్గ్‌కు విడిగా టికెట్ కొన్నాను.

టోపీని సామానులో వేయలేదు. గట్టి అట్టపెట్టెలో పెట్టి విమానంలో చేతి సంచితోపాటు తెచ్చుకున్నాను. ఇప్పుడు అది ఎండ పడని బీరువాలో, ఆకారం చెడకుండా లోపల కాగితం కూరి ఉంది. తోలు పట్టీ వెనక పెన్సిల్‌తో రాసిన రెండు అక్షరాలు ఇంటికి వచ్చాకే కనిపించాయి. ఆ అధికారి ఎవరో తేల్చడానికి అప్పటి ప్రష్యన్ అధికారుల జాబితాలు వెతుకుతున్నాను.