ఆ సున్నా మాది: శాన్ డియేగో వేవ్ తొలి సీజన్ టికెట్ గురించి, నాలుగో ఏట

అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే మా ఊరి జట్టు శాన్ డియేగో వేవ్ సీజన్ టికెట్ కొనడం మొదలుపెట్టి ఇది నాలుగో ఏడాది. తెలిసినవాళ్లు "కొనుక్కోవచ్చా?" అని అడుగుతుంటారు. మా ఆయనైతే జట్టు ఫార్వర్డ్ అలెక్స్ మోర్గన్ కొట్టిన గోల్స్ గురించి మొదలుపెడతారు. నేను మాత్రం మాటల గురించి చెబుతాను. 2022లో, అంటే జట్టు తొలి సీజన్లో, యూనివర్సిటీ కొండ మీదున్న చిన్న టొరేరో స్టేడియంలో ఆడినన్నాళ్లూ, మైదానంలో వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే మాటలు మా వరుస దాకా వినపడేవి. నా డబ్బుకి నాకు దక్కింది అదే. కొనేటప్పుడు అలాంటిదొకటి ఉంటుందని కూడా నాకు తెలియదు.

పాయింట్ల పట్టిక జోలికి పోను. లీగ్‌లో మూడో స్థానం, కొత్తగా చేరిన ఏడాదే ప్లేఆఫ్స్‌కి, అంటే చివరి నాకౌట్ దశకి, వెళ్లిన మొదటి జట్టు. ఇవి అందరికీ తెలుసు.

అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్లు. శనివారాలు ఆడే పిల్లల టీమ్‌లో ఉండేది. ఆ వసంతంలో కోచ్ దాన్ని ముందు వరుస నుంచి తీసి వెనక, సెంటర్ బ్యాక్‌లో పెట్టారు. ఇంటికొచ్చే దారిలో కార్లో ఏడ్చింది. "వెనక నిలబడితే గోల్ ఎలా కొడతానమ్మా? నాకు ఆట రాదని పక్కన పెట్టేశారు" అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మా ఇంట్లో ఆటంటే క్రికెట్టే. మా ఆయనకి ఫీల్డింగ్ పొజిషన్లన్నీ నోటికి వచ్చు గానీ ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఆయనకీ తెలియదు. ఏదో ఒకటి చేయాలని సీజన్ టికెట్లు కొన్నాం. గోల్ వెనక, మూల జెండా దగ్గర, కింది వరుసల్లో మూడు సీట్లు. అవి చవక కాబట్టి తీసుకున్నాం, వేరే ఆలోచనేమీ లేదు.

మే నెలలో గోథమ్ అనే జట్టుతో ఆడిన మ్యాచ్‌తో మొదలైంది మా చూడ్డం. 4-0. నాలుగూ మోర్గనే కొట్టింది. ఆ రోజు అక్కడున్న ఎవరినడిగినా ఆ నాలుగు గోల్స్ గురించే చెబుతారు. మేం వాటిని సరిగా చూడలేదు. ఆట సగం వేవ్ మా వైపు గోల్‌ని కాపాడుకుంటోంది. బంతి అవతలి చివర ఉన్నప్పుడు మాకు దగ్గరగా ఉన్నది గోల్‌కీపర్ కైలెన్ షెరిడన్, ఆమె ముందు వెనక వరుస డిఫెండర్లు, అంతే. మొదట్లో నేనూ అందరిలాగే మెడ చాపి అవతలికి చూస్తున్నాను. మా అమ్మాయి నా చెయ్యి లాగింది. "అమ్మా, విను. వీళ్లు ఆపకుండా మాట్లాడుతున్నారు."

నిజంగానే ఆపట్లేదు. బంతి వంద అడుగుల అవతల ఉన్నా ఇక్కడ మాట ఆగట్లేదు. "స్టెప్" అనగానే వెనక నలుగురూ ఒకేసారి ముందుకి కదిలేవారు. ఆ కదలికతో అవతలి జట్టు ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో, అంటే డిఫెండర్లని దాటి గోల్ వైపు మిగిలిపోతుందని, అప్పుడు ఆమెకి బంతి అందించినా చెల్లదని నాకు తర్వాత అర్థమైంది. ఒక్కరు ఆలస్యం చేసినా వల తెగినట్టే, అందుకే అందరికీ ఒక్కటే కేక. "డ్రాప్" అంటే వెనక్కి తగ్గండి అని. వెనక నుంచి మనిషి మీదకొస్తుంటే "మ్యాన్ ఆన్", ఆడవాళ్ల ఆటలోనూ అలాగే అంటారు. తొందర లేదు, బంతి పెట్టుకుని చూసుకో అనడానికి "టైమ్". ఇంకేం ఆలోచించకు, దూరంగా కొట్టెయ్ అనడానికి "అవే". గాల్లో వచ్చే బంతికి "కీపర్!" అని ఒక్క అరుపు వినపడిందంటే మిగతావాళ్లందరూ తప్పుకోవాలి. బంతి వైపు చూసే డిఫెండరుకి తన వీపు వెనక ఏం జరుగుతోందో కనపడదు. మైదానం మొత్తం ఎదురుగా కనపడేది గోల్‌కీపర్ ఒక్కతికే. మిగతావాళ్లకి వీపున కళ్లు ఆ గొంతే.

మా ఊళ్లో చెడుగుడు చూస్తూ పెరిగినదాన్ని నేను. అక్కడ కూత పెట్టేవాడికి ఆ కూత తన ఊపిరి ఇంకా తెగలేదని చూపించడానికి. ఇక్కడ కేక అంతా పక్కవాళ్ల కోసమే. ఆ తేడా నాకెంత నచ్చిందో చెప్పలేను.

మా అమ్మాయి కళ్లు నయోమీ గిర్మా మీద పడ్డాయి. మా వెనక వరుస డిఫెండర్. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త క్రీడాకారిణుల్ని వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, మొట్టమొదట ఎంపికైన అమ్మాయి, స్టాన్‌ఫోర్డ్ నుంచి అప్పుడే వచ్చింది. పరిగెత్తాల్సిన చోట పరిగెత్తదు, ముందే అక్కడ ఉంటుంది. కిందపడి బంతి లాక్కోవడం చాలా అరుదు. బంతి ఎక్కడికి రాబోతోందో అక్కడ నిలబడి, తీసుకుని, తల ఎత్తి చూసి, పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది. ఆమె తల్లిదండ్రులు ఇథియోపియా నుంచి వచ్చినవాళ్లని, శాన్ హోసేలో తమవాళ్ల పిల్లల కోసం నాన్న మరికొందరితో కలిసి నడిపిన మలేదా అనే చిన్న క్లబ్‌లో ఆడటం మొదలుపెట్టిందని తర్వాత చదివాను. వారాంతాల్లో పార్కులో మనవాళ్లందరూ చేరి డబ్బాలు విప్పుకుంటుంటే పిల్లలు పక్కన బంతి తన్నుకునే దృశ్యం నాకు బాగా తెలుసు. అది చదివాక ఆమె మాకు ఇంకాస్త దగ్గరిదైంది.

మ్యాచ్ అయ్యాక మా ఆయన "నాలుగు గోల్స్!" అని సంబరపడుతుంటే మా అమ్మాయి అంది: "నాన్నా, నాలుగు–సున్నా. ఆ సున్నా మాది."

'మాది' అంది. డిఫెండర్లది.

తర్వాతి శనివారం దాని మ్యాచ్‌లో జరిగింది రాయాలి, ఎందుకంటే ఈ టికెట్ విలువ నాకు అక్కడే తెలిసింది. మా పిల్ల నెమ్మది. క్లాసులో చెయ్యి ఎత్తదు, ఫోన్లో అమ్మమ్మతో కూడా రెండు ముక్కల్లో సరిపెడుతుంది. ఆ రోజు మొదటి ఐదు నిమిషాలు ఎప్పట్లాగే మౌనంగా ఉంది. ఒక పిల్ల బంతితో తప్పించుకుని వస్తుంటే ఎవరిదో గొంతు "డ్రాప్! డ్రాప్!" అని వినపడింది. మా పిల్ల గొంతని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది. పక్కనున్న పిల్లలు వెనక్కి తగ్గారు. గోల్ ఆగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు, ఆట ముగిసేదాకా అరుస్తూనే ఉంది. ఆ రోజు వాళ్లు ఓడిపోయారు, 2-1. అయినా కార్లో ఏడవలేదు. గొంతు బొంగురుపోయింది, దారంతా నీళ్లు తాగుతూ కూర్చుంది. నేను డ్రైవ్ చేస్తూ అద్దంలో దాన్నే చూసుకుంటూ వచ్చాను.

ఆ వేసవంతా ఇంక అంతే. టొరేరోలో పట్టేది ఆరువేల మంది. ఇంట్లో ఆడుతున్నట్టుండేది. రెండో సగంలో వేవ్ మా వైపు దాడికి వస్తే మా అమ్మాయికి చిరాకు. "అవతల సీట్లు తీసుకోవాల్సింది" అనేది. ఆ రోజుల్లో నేను తెలుగువాళ్ల విందుల్లో కనపడిన ప్రతివాళ్లకీ టొరేరో గురించి చెప్పాను.

అంత పొగడటం పూర్తిగా సరికాదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఆరువేల సీట్లంటే మాకు ఇల్లులా ఉందంటే, దొరకని వాళ్లకి తలుపు మూసినట్టే. పిల్లల్ని తీసుకెళ్తామని అడిగిన ఇద్దరు స్నేహితురాళ్లకి ఆ ఏడాది ఒక్క మ్యాచ్‌కి కూడా పక్కపక్క సీట్లు దొరకలేదు. ఇంకోటి కూడా ఉంది. అదే ఏడాది జనవరిలో ఆ లీగ్ ఆటగాళ్లకి మొదటిసారి సమష్టి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కనీస జీతం ఏడాదికి 35 వేల డాలర్లు, అంతకుముందు 22 వేలు. శాన్ డియేగో అద్దెలు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆరువేల మంది మధ్య గొంతులు బాగా వినపడుతున్నాయని నేను మురిసిపోతే, ఆ గొంతులవాళ్లు బతకాలంటే జనం పెరగాలి. నాకిది ఆ వేసవిలో తట్టలేదు.

సెప్టెంబర్ 17న కొత్త స్టేడియం. మిషన్ వ్యాలీలో స్నాప్‌డ్రాగన్, లాస్ ఏంజెలెస్ జట్టు ఏంజెల్ సిటీతో మ్యాచ్. 32 వేల మంది. అప్పటికి ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్‌కి అంతమంది ఎప్పుడూ రాలేదు. ట్రాలీ (ఇక్కడి సిటీ రైలు) దిగగానే నీలం, గులాబీ జెర్సీల్లో చిన్న పిల్లలు తండ్రుల భుజాల మీద ఎక్కి వెళ్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆడపిల్లల ఆట కోసం ఇంతమందా అనిపించింది. జెయిడిన్ షా, పదిహేడేళ్ల పిల్ల, ఆ ఒక్క గోల్ కొట్టినప్పుడు కాళ్ల కింద కాంక్రీటు అదిరింది. 1-0.

కానీ ఆట మొదలైన కాసేపటికే మా అమ్మాయి నా చెవి దగ్గరికొచ్చి గట్టిగా అంది: "అమ్మా, ఏమీ వినపడట్లేదు."

వినపడలేదు. డప్పులు, పాటలు, 32 వేల గొంతుల హోరు. షెరిడన్ నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరవడం కనపడుతోంది, మాట రాదు. మా సీట్లు ఈసారి పై అంతస్తులో. మేమే ఎంచుకున్నాం, పైనుంచి బాగా కనపడుతుందని. టీవీలో ధ్వని తీసేసి చూస్తున్నట్టు నాకు గుండెల్లో ఏదో వెలితి. చుట్టూ అంత పండగ జరుగుతుంటే నేను దిగులుగా కూర్చున్నానని ఒప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది, కానీ ఉన్న మాట అది.

రెండో సగంలో దాని ముఖం మారింది. "చూడు, గీత కదులుతోంది" అని వేలితో గాల్లో గీసి చూపించింది. కింద కూర్చున్నప్పుడు "స్టెప్" అన్న కేక మాత్రమే విన్నాం, ఎదురుగా కాళ్లు కదలడం చూశాం. పైనుంచి చూస్తే నలుగురూ ఒక తాడు పట్టుకున్నట్టు ముందుకీ వెనక్కీ, బంతి అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు జరుగుతున్నారు. మాట మైదానంలో కూడా సరిగా చేరట్లేదేమో, చేతుల సైగలు ఎక్కువయ్యాయి. అరచెయ్యి కిందికి ఊపితే ఆగమని, ముందుకి తోస్తే కదలమని. టొరేరోలో నెలల తరబడి మాటలు విని ఉండకపోతే ఈ సైగలు మాకు తెలిసేవి కావు. ట్రాలీలో ఇంటికొస్తూ "ఇవాళ కూడా సున్నా మనదే" అంది, ఆవలిస్తూ.

ప్లేఆఫ్స్ గురించి రెండు ముక్కలు. అక్టోబర్‌లో షికాగో జట్టుని స్నాప్‌డ్రాగన్‌లోనే 2-1తో గెలిచారు, అదనపు సమయంలో మోర్గన్ గోల్‌తో. ఆ రాత్రి నా గొంతు కూడా పోయింది, వినపడట్లేదన్న బాధ గుర్తే రాలేదు. వారం తర్వాత పోర్ట్‌లాండ్‌లో సెమీఫైనల్ ఇంట్లో చూశాం. 1-1 దగ్గర, ఆట ఇక అయిపోతుందనగా పోర్ట్‌లాండ్ తరఫున క్రిస్టల్ డన్ గోల్ కొట్టింది. ఆ మే నెలలోనే బిడ్డని కన్న తల్లి ఆమె. మా అమ్మాయి దుప్పటి ముసుగేసుకుంది. నేను ఓడిపోయినందుకు బాధపడుతూనే, డన్‌ని చూసి చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను.

ఆ ఏడాది అవార్డుల్లో గిర్మాకి ఉత్తమ నూతన క్రీడాకారిణి, ఉత్తమ డిఫెండర్ రెండూ వచ్చాయి. షెరిడన్ ఉత్తమ గోల్‌కీపర్. ఉత్తమ కోచ్ అవార్డు మా కోచ్ కేసీ స్టోనీకి, ఆమె ఒకప్పుడు ఇంగ్లండ్‌కి డిఫెండరే. గోల్స్ కొట్టని వాళ్లకి అన్ని అవార్డులొచ్చాయని మా ఇంట్లో ఆ రోజు పాయసం చేశాను.

ఇప్పుడు కొనాలా వద్దా అంటే, నేను కొన్నది ఇప్పుడు దొరకదు. స్టోనీ 2024 జూన్‌లో వెళ్లిపోయింది, మోర్గన్ ఆ సెప్టెంబర్‌లో ఆట మానేసింది, గిర్మా 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లింది. పది లక్షల డాలర్లకి పైగా పలికిన మొదటి మహిళా ఫుట్‌బాలర్ అయింది. వెనక వరుసలో నిలబడే అమ్మాయికి అంత ధర పలికిందని విన్న రోజు మా పిల్ల ఆమె పేరున్న నాలుగో నంబరు జెర్సీ వేసుకుని స్కూలుకెళ్లింది. అది ఇప్పుడు పొట్టిదైపోయింది, అయినా పడేయనివ్వదు.

ఆడే పిల్ల ఇంట్లో ఉంటే, స్నాప్‌డ్రాగన్‌లో కూడా గోల్ వెనక వీలైనంత కింద వరుస చూసుకోండి. జనం పలచగా ఉన్న మ్యాచ్‌కి ఓ అరగంట ముందే వెళ్తే, వార్మప్‌లో కొన్ని మాటలు ఇప్పటికీ చెవిన పడతాయి. ఆట ఎలా నడుస్తుందో చూడాలంటే పైన కూర్చోండి, అది కూడా తక్కువేం కాదు. మొత్తం సీజన్ కొనమని మాత్రం అందరికీ చెప్పలేను. మాకు ట్రాలీ స్టేషన్ దగ్గర, ఒక్కతే పిల్ల, మా ఆయనకి శనివారాలు సెలవు. అయినా ఇప్పుడు దాని హైస్కూల్ మ్యాచ్‌లు, క్లబ్ ప్రాక్టీసు అడ్డొచ్చి సగం ఆటలకే వెళ్లగలుగుతున్నాం. మిగతావి స్నేహితురాళ్లకి ఇచ్చేస్తున్నాను, అప్పుడు సీట్లు దొరకని ఆ ఇద్దరికే ముందు.

వచ్చే ఏడాదికి డబ్బు కట్టేముందు మా అమ్మాయినే అడిగాను, పైనా కిందా అని. "మొదటి సగం కింద, రెండో సగం పైన కుదరదా?" అంది. కుదరదు కాబట్టి కిందే తీసుకున్నాం.