టర్బో డీజిల్ కారు హెడ్‌కి పోర్టింగ్ చేయిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు పాత టర్బో డీజిల్ కార్లు నడుపుకుంటున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. హెడ్ (ఇంజన్ పైన మూతలా ఉండే, వాల్వులూ గాలి దారులూ ఉన్న భాగం) రిపేరుకి ఇచ్చినప్పుడు ఎవరైనా "ఎలాగూ విప్పాం కదండీ, పోర్టింగ్ కూడా చేసేద్దాం, పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయి" అంటే ఒప్పుకోకండి. పోర్టింగ్ అంటే హెడ్‌లోని గాలి, పొగ దారుల్ని (పోర్టుల్ని) గ్రైండర్‌తో అరగదీసి వెడల్పుగా, నున్నగా చేయడం. ఆ మాట మీద నా కారు హెడ్డూ, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో రెండూ పోయాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

నాది 1,248 సీసీ డీజిల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది. అందుకే ఉన్న బండినే బాగు చేయించుకుందామని చాలామంది చూస్తున్నారు, ఈ బేరాలన్నీ ఆ ఆశ మీదే నడుస్తున్నాయి. పాత ఓనరు రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేవాడట. తీరం వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎంతుంటుందో మనకి తెలిసిందే. అల్యూమినియం హెడ్‌ని నీటి దారుల చుట్టూ తినేసింది. ఓ రోజు రావులపాలెం దాటాక ఇంజన్ హీటెక్కింది, కూలెంట్ డబ్బాలో బుడగలు, రబ్బరు పైపులు ఉబ్బి గట్టిపడ్డాయి. హెడ్‌కీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని మా ఊరి మెకానిక్ గారు చూడగానే చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

హెడ్ పని మాత్రం వేరే షాపులో జరిగింది. ఫేసింగ్ (హెడ్ అడుగు భాగం కోసి చదును చేయడం), వాల్వ్ సీట్ కటింగ్, కొత్త గైడ్లు, ఆయిల్ సీళ్లు, పైన పోర్టింగుకి విడిగా 12,000 రూపాయలు. డెలివరీకి ముందు సెల్‌ఫోన్ లైటు వేసి పోర్టుల లోపల చూపించారు, అద్దంలా మెరుస్తున్నాయి. నష్టం అంతా ఆ మెరుపు తెచ్చేటప్పుడే జరిగిపోయింది.

డీజిల్ హెడ్‌లో గాలి వెళ్లే పోర్టుని కంపెనీ వాళ్లు కావాలనే మెలి తిప్పి పోస్తారు. గాలి సుడి తిరుగుతూ సిలిండర్‌లోకి దిగితేనే ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ దానితో బాగా కలిసి పూర్తిగా మండుతుంది. గ్రైండర్ పెట్టి ఆ మెలికని చదును చేస్తే సుడి పోతుంది. నా బండికి అదే జరిగింది. తక్కువ ఆర్‌పీఎంలో లాగడం మానేసింది, యాక్సిలరేటర్ తొక్కితే నల్లటి పొగ. పైగా టర్బో బండిలో గాలిని టర్బోయే ఒత్తిడితో తోస్తుంది. డీజిల్ ఎంత కొట్టాలన్న ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) లెక్క మారకుండా పోర్టు వెడల్పు చేస్తే అదనపు పవర్ ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి? పోర్టింగ్ అన్నదే మోసం అనడం లేదు. రేసింగ్ ఇంజన్లకు ఫ్లో బెంచ్ మీద గాలి కొలుచుకుంటూ, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్, ట్యూనింగ్ కూడా మార్చి చేసే పెద్ద పని అది. చేతి గ్రైండర్‌తో ఒక పూటలో అయ్యేది కాదు.

తర్వాత కూలెంట్ తగ్గడం మొదలైంది. ఆ పైన టర్బో నుంచి సన్నటి ఈల, నీలి పొగ. రాజమండ్రిలో ఇంకో వర్క్‌షాపులో విప్పించాను. అక్కడి పెద్దాయన హెడ్‌లోని ఆయిల్ రంధ్రంలో గుడ్డ చుట్టిన పుల్ల తిప్పి బయటికి తీసి నా అరచేతిలో దులిపారు. బూడిద రంగు పొడి, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతోంది. అల్యూమినియం రజను, వాల్వ్ గ్రైండింగ్ పేస్టు. గ్రైండింగ్ అయ్యాక హెడ్‌ని సరిగా కడగనేలేదు! టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది, బేరింగుల్లో సన్నటి ఆయిల్ పొర మీదే తేలుతుంది. ఆ ఆయిల్‌లో ఈ పొడి కలిస్తే ఇంకేం మిగులుతుంది? షాఫ్ట్ మీద గోరు తగిలేంత గీతలు. ఇక వాల్వ్ గైడ్ పక్కన పోర్టు గోడని ఎంత అరగదీశారంటే, నీటి దారిలోకి సూదిమొనంత చిల్లు పడింది. కూలెంట్ పోయింది అందులోంచే.

ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. టర్బో సీల్ పోతే డీజిల్ ఇంజన్ తన ఇంజన్ ఆయిల్‌నే తాగుతూ తనంతట తానే రేజ్ అవుతుంది. తాళం తీసేసినా ఆగదు. అలా అయితే బ్రేక్ గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేర్ వేసి, క్లచ్ వదిలేసి ఇంజన్ ఆపండి. బానెట్ ఎత్తి మాత్రం దగ్గరికి వెళ్లకండి.

మన దగ్గర చెరువు ఇంజన్లు, ట్రాక్టర్లు కళ్లు మూసుకుని బాగు చేసే మేస్త్రీలున్నారు, వాళ్ల పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్ అల్యూమినియం హెడ్ లెక్క వేరు. చాలా డీజిల్ హెడ్లకు ఫేసింగే చేయకూడదని కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, ఎక్కువ కోస్తే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఇనుప స్కేలు), సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజితో వంపు ఎంతుందో మీ ముందే కొలిపించండి. గ్యాస్కెట్ కూడా ఏదో ఒకటి కాదు. చాలా డీజిల్ ఇంజన్లకు పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి, దానికి తగిన మందం ఎంచుతారు, అంచు మీద గుర్తులుంటాయి. ముందు చెప్పిన బిగువు (టార్క్) వరకు బిగించి, ఆ పైన ఇన్ని డిగ్రీలని తిప్పి బిగించే హెడ్ బోల్టులైతే కొత్తవే వేయించండి. వాటన్నిటికంటే ముఖ్యం, హెడ్ పని అయ్యాక బిగించేముందు ప్రెజర్ టెస్ట్. నీటి రంధ్రాలు మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్లలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. నా హెడ్‌కి ఇదొక్కటి చేసి ఉంటే ఆ చిల్లు అప్పుడే బయటపడేది.

నాకు ఇచ్చింది "హెడ్ వర్క్ మొత్తం" అని రాసిన తెల్ల చీటీ. మీరు మాత్రం ఏ పని చేశారో, ఏ పార్టు వేశారో విడివిడిగా రాసిన బిల్లు అడగండి, పాత పార్టులు వెనక్కి తీసుకోండి. గొడవ వస్తే 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు తీసుకుంటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

మీ హెడ్ ఇప్పుడు ఏదైనా షాపులో బల్ల మీద ఉంటే, బిగించకముందే ఫోన్ చేసి గ్రైండర్ పెట్టొద్దని చెప్పండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఆయిల్ రంధ్రాలన్నీ కడిగి గాలి కొట్టించి, ప్రెజర్ టెస్ట్ మీ కళ్లముందు చేయించాకే బిగించనివ్వండి.